పంట పండే పొలంలో పర్యాటకం: ఎంతవరకు, ఎవరి షరతుల మీద?

తోటబాట (అంబాజీపేట ప్రాంతం, కొబ్బరి, అరటి)

పర్యాటకానికి పరిశ్రమ హోదా కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024–29 విధానాన్ని ప్రకటించిన తరువాత, మా కోనసీమలో కాలువ గట్టున తోట ఉన్న ప్రతి రైతు దగ్గరికీ ఎవరో ఒకరు వచ్చి, నాలుగు గదులు వేస్తే ఏడాది పొడవునా అతిథులకు కొదవ ఉండదని చెప్పి వెళ్తున్నారు. అలా చెప్పేవారిలో రైతులు తక్కువ. గదులు కట్టేవారు, గదులు బుక్ చేసే యాప్‌ల తరఫున తిరిగేవారు, ఏకంగా తోటనే లీజుకు అడిగేవారు ఎక్కువ. అందుకే ఈ చర్చ ముందుగా సాగుచేసేవారి మధ్య జరగాలని అనుకుంటున్నాను.

ఈ ఆలోచనకు నేను వ్యతిరేకిని కాను. కొబ్బరి ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పడిపోతుందో తెలియదు. చెట్టెక్కి కాయలు దింపే కార్మికులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. కొబ్బరి మధ్య కోకో, అరటి, కంద వేసి నెట్టుకొస్తున్నవారికి ఇంకొక ఆదాయం అవసరమే. 2011 ఖరీఫ్‌లో నాట్లు మానేసి పంట విరామం ప్రకటించిన ప్రాంతం మాది కనుక, కేవలం సాగు మీదనే ఇల్లు గడవాలని ఇక్కడ ఎవరూ పట్టుబట్టరు.

నా భయమల్లా తోటను చూడడానికి వచ్చే అతిథి కోసం తోట స్వరూపమే మారిపోతుందన్నది. అంతర పంటలు తీసేసి పచ్చిక పరిచిన తోటలు ఇప్పటికే కనిపిస్తున్నాయి. కాయ నెత్తి మీద పడుతుందన్న జాగ్రత్తతో, అతిథులు తిరిగే చోట చెట్లకు కాపు నిలవనీయకుండా గెలలు లేతగానే కోయించేవారున్నారు. కాపు లేని కొబ్బరితోటను వ్యవసాయ క్షేత్రమని పిలిచి, రైతుకిచ్చే రాయితీలు ఆ యజమానికీ ఇవ్వాలా? ఏది పంట పండే పొలమో, ఏది పొలం వేషం వేసిన హోటలో తేల్చే నిబంధన ఎలా ఉండాలి? దానిని ఎవరు అమలు చేయాలి? మీ మీ ప్రాంతాల అనుభవాలను బట్టి చెప్పండి.

చాపరాయి కాఫీ (డుంబ్రిగుడ మండలం, కాఫీ, మిరియాలు, వలిసెలు)

తోటబాట గారూ, మా దగ్గర ఈ ప్రశ్న పర్యాటకులు వచ్చాక పుట్టింది. అరకు, లంబసింగి, వంజంగి కొండలకు జనం వచ్చేది చలికాలంలో. మేము కాఫీ పండ్లు కోసేది కూడా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అంటే సరిగ్గా ఆ రోజుల్లోనే. పండు ఎర్రబడిన తరువాత కోత ఆలస్యమైతే రాలిపోతుంది, నాణ్యత పోతుంది. ఆ సమయంలో యువకులు గుడారాల దగ్గర పనికీ, జీపులు నడపడానికీ వెళ్తే తోటలో మిగిలేది పెద్దవాళ్లు మాత్రమే. వారిని తప్పుపట్టలేను, అక్కడ కూలి సాయంత్రానికే చేతికి వస్తుంది. కానీ 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరబికా పండు చెట్టు మీదనే ఎండిపోతుంటే, ఆ పేరు చూసి వచ్చిన అతిథికి మేము ఏ కాఫీ పోయగలం?

వలిసె పూల సంగతి అందరికీ తెలిసినదే. పొలం పసుపుపచ్చగా పూసినప్పుడు ఫోటోల కోసం చేలోకి దిగి తొక్కేవారు. తరువాత కొందరు రైతులు గట్టు మీద తాడు కట్టి, చేలో ఒక సన్నటి బాట వదిలి, మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకోవడం మొదలుపెట్టారు. పట్టణంవారు దీనిని దోపిడీ అని రాశారు. నూనెగింజ పంటను తొక్కించుకొని ఊరుకోవడం ఆతిథ్యమని మాకు ఎవరూ నేర్పలేదు.

అసలు చిక్కు భూమి దగ్గర ఉంది. 1970 నాటి ఒకటో నిబంధన, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు ఉన్నందువల్ల షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాదు, లీజు కూడా చెల్లదు. కాగితం మీద గుడారాలన్నీ గిరిజనులవే. పెట్టుబడి ఎవరిదో, బుకింగ్ సొమ్ము ఎవరి ఖాతాలో పడుతుందో ఊళ్లో అందరికీ తెలుసు. అటవీ హక్కుల పట్టా భూమి అమ్మడానికి వీలులేనిది, వారసత్వంగా మాత్రమే సంక్రమించేది. అటువంటి భూమిలో కూడా పేరొకరిది, వ్యాపారం ఇంకొకరిదిగా నడుస్తోంది. కాబట్టి మా ప్రాంతానికి కొత్త నిబంధన కంటే ముందు, ఉన్న నిబంధన అమలు కావాలి.

చేవెళ్ల కూరగాయలు (రంగారెడ్డి జిల్లా, టమాటా, ఆకుకూరలు, కొద్దిగా పూలు)

మా వైపు ఇది కొత్త మాట కాదు, పాత దందాకు కొత్త బోర్డు. హైదరాబాదు జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో పరిధిలో 84 గ్రామాలున్నాయి. కట్టడాలకు పరిమితులు ఉన్న ఆ గ్రామాల్లోనే ఫామ్‌హౌస్‌లు, పెళ్లి మండపాలు ఎన్ని వచ్చాయో మొయినాబాద్ దారిలో ప్రయాణించిన ఎవరికైనా కనిపిస్తుంది. ఇప్పుడు గుంటల లెక్కన భూమి అమ్మి, నాలుగు మామిడి మొక్కలు నాటి, వారాంతంలో వచ్చి వ్యవసాయం చేసుకోండని చెబుతున్నారు. రేపు వ్యవసాయ పర్యాటక విధానం వస్తే మొదటి దరఖాస్తు వారిదే అవుతుంది, ఎందుకంటే వారి దగ్గర ఈత కొలను, వాహనాలు నిలిపే చోటు, నక్షా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా దగ్గర బాయి, పాక, రెండు బర్రెలు ఉన్నాయి.

నా పొలంలో ఒక మూలన రెండు గదులు వేసుకొని నేనూ ప్రయత్నించవచ్చు. కానీ ఆ మేరకు భూమిని వ్యవసాయేతరంగా మార్చుకోవాలంటే భూమి విలువను బట్టి రుసుము కట్టాలి. మా మండలంలో భూమి విలువ పంట విలువతో ఎప్పుడో తెగతెంపులు చేసుకుంది. మార్చిన భూమికి ఎకరాకు ఏటా 12,000 రూపాయల రైతు భరోసా కూడా రాదు. అతిథి వస్తాడో రాడో తెలియకముందే నికరంగా వచ్చేదాన్ని వదులుకోవాలన్నమాట. ఒకటి రెండు గదుల వరకు, అదీ రైతు ఇంటిని ఆనుకొని లేదా పాక ఉన్న చోటనే కడితే, భూమి మార్పిడి అక్కరలేదని స్పష్టంగా రాయాలి. అంతకు మించి కట్టేవాడిని వ్యాపారిగానే చూడాలి. నడుమ ఇంకొక తరగతి పెడితే అందులో దూరేది నాలాంటివాడు కాదు.

మాజీ ఏవో (వ్యవసాయ శాఖలో పనిచేసి విరమించినవారు, గుంటూరు)

ఏది పొలం, ఏది హోటల్ అన్న ప్రశ్నకు ఇటలీవారు 1985లోనే చట్టం రూపంలో జవాబు చెప్పుకున్నారు. 2006లో దాని స్థానంలో వచ్చిన చట్టం ప్రకారం కూడా అతిథులకు బస, భోజనం ఏర్పాటు చేసేది రైతే అయి ఉండాలి, ఆ పని సాగుకు అనుబంధంగానే సాగాలి, సాగే ప్రధానంగా మిగలాలి. ప్రధానం అనడానికి కొలత ఏమిటంటే, ముఖ్యంగా రెండు పనులకూ పట్టే శ్రమ కాలం. ఆదాయం కంటే శ్రమను చూడడంలోని వివేకం నాకు నచ్చింది. ఒక ఏడాది పంట పోయి అతిథుల వల్ల వచ్చిన సొమ్మే ఎక్కువైనంత మాత్రాన ఆ మనిషి రైతు కాకుండా పోడు. పొలంలో ఆ ఏడాదీ అంతే కష్టపడ్డాడు. పది మంది అతిథులకు మించకపోతే, ఈ లెక్కలేవీ అడగకుండా సాగే ప్రధానమని అక్కడి చట్టం అంగీకరిస్తుంది. వడ్డించే పదార్థాలలో సొంత పంట, చుట్టుపక్కల పంట తగినంత ఉండాలని కూడా కోరుతుంది; ఆ వివరాలు ఒక్కొక్క ప్రాంతం విడిగా నిర్ణయించుకుంటుంది.

మన దేశంలో మహారాష్ట్ర ముందు నడిచింది. బారామతి ప్రాంతంలో అప్పటికే ఏళ్ల తరబడి ఈ ప్రయత్నం సాగుతూ ఉండగా, 2020లో ఆ రాష్ట్రం ప్రత్యేకంగా వ్యవసాయ పర్యాటక విధానమే తెచ్చి, కనీసం ఒక ఎకరం ఉన్న రైతు కూడా పర్యాటక శాఖ దగ్గర నమోదు చేసుకునే వీలు కల్పించింది. మన రెండు రాష్ట్రాలలో పర్యాటకమంటే ఇప్పటికీ గుడి, కోట, జలాశయం, బీచ్. 2021లో పోచంపల్లికి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామ గుర్తింపు లభించిందంటే అది మగ్గం చలవ. పొలాన్ని చూపించి ఆ స్థాయి పేరు తెచ్చుకున్న ఊరు మనకు ఇంకా లేదు.

కాబట్టి నా సూచన: పది మంది లోపు అతిథులకు గ్రామ పంచాయతీలో నమోదు చాలు, అంతకు మించితే శ్రమ కాలం లెక్క, తనిఖీ ఉండాలి. చేవెళ్లవారు కోరిన రెండు గదుల పరిమితి కూడా ఇంచుమించు ఇందులోకే వస్తుంది.

లెక్కల పద్దు (రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు లెక్కలు చూసేవారు)

నమోదుతోనే అంతా అయిపోతుందని అనుకోవద్దు. పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. గది అద్దె, భోజనం, ప్రవేశ రుసుము పంట ఆదాయం కిందికి రావు. రెండింటినీ ఒకే ఖాతాలో కలిపేసినవారు తరువాత విడదీయలేక అవస్థ పడతారు. సేవల మీద జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షలు కనుక చిన్న రైతుకు ఆ బెడద రాదు. భోజనం అమ్మితే ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు ఉండాలి. అన్నిటికంటే ముందు గొడవ వచ్చేది కరెంటు దగ్గర. సాగుకు ఉచితంగా ఇచ్చే కనెక్షన్ నుంచి గదికి తీగ లాగి ఏసీ పెడితే అది దుర్వినియోగమే అవుతుంది. గదికి వేరే మీటరు తప్పనిసరి, ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

ఇంటి యజమాని కుటుంబం అక్కడే నివసిస్తూ ఒకటి నుంచి ఆరు గదుల వరకు అతిథులకు ఇచ్చే ఇళ్లకు కేంద్ర పర్యాటక శాఖ గుర్తింపు పథకం ఒకటి చాలా కాలంగా ఉంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు కూడా ప్రకటించారు. అప్పు దొరకడం సులభమైనప్పుడే జాగ్రత్త ఎక్కువ అవసరం. వారాంతాల్లో మాత్రమే నిండే గది వాయిదా నెలనెలా కట్టవలసి ఉంటుంది.

దాళ్వా కౌలుదారు (భీమవరం దగ్గర, వరి)

ఇప్పటివరకు రాసిన పెద్దలందరూ రైతు అన్నప్పుడు భూమి యజమానినే దృష్టిలో పెట్టుకున్నారు. డెల్టాలో నాగలి పట్టేది ఎక్కువగా కౌలుదారులే. నేను సాగుచేసే చేను పచ్చగా ఉన్నప్పుడు యజమాని హైదరాబాదు నుంచి మిత్రులను తీసుకొచ్చి గట్ల మీద తిప్పుతారు, మకాం దగ్గర భోజనాలు పెడతారు. అందులో తప్పు లేదు. రేపు అదే పని డబ్బు తీసుకొని చేస్తే, ఆ పచ్చదనం ఎవరి కష్టమని లెక్క వేస్తారు?

2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం చేస్తేనే నాకు సాగుదారుగా గుర్తింపు కార్డు వస్తుంది. సంతకం పెట్టడానికే వెనుకాడేవారు ఎక్కువగా ఉన్నచోట, పర్యాటక ఆదాయంలో వాటా అడగగలిగిన కౌలుదారు ఎవరు? మాజీ ఏవో గారు చెప్పిన శ్రమ కాలం లెక్కను నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను, అయితే దానిని చివరిదాకా పాటించాలి. శ్రమే కొలత అయితే, పొలంలో ఏటా శ్రమించేది కౌలుదారు అయినప్పుడు నమోదు కూడా అతని పేరిటే జరగాలి, లేదా కనీసం అతని అంగీకారం లేకుండా ఆ పొలాన్ని పర్యాటక క్షేత్రంగా నమోదు చేయకూడదు. కోత యంత్రం రావలసిన రోజున గట్టు మీద అతిథుల బల్లలు వేసి ఉంటే నష్టపోయేది నేనే.

ఇంకొక భయం కూడా చెబుతాను. గదుల వల్ల నాలుగు రూపాయలు వస్తాయని తెలిస్తే యజమాని కౌలు పెంచుతాడు, లేదా భూమిని వెనక్కి తీసుకుంటాడు. ఈ రెండూ రొయ్యల చెరువుల కాలంలో మేము చూసినవే.

పెరటి పాడి (సిద్దిపేట జిల్లా, పాడి, మొక్కజొన్న)

ఇంతమంది ఇంత వివరంగా రాశారు, అతిథులకు వండేది ఎవరో ఒక్కరూ రాయలేదు. పొద్దున పాలు పిండి, పేడ ఎత్తి, గడ్డి కోసుకొచ్చి, మధ్యాహ్నం కలుపు తీతకు పోయే ఆడమనిషి రాత్రి పది మందికి జొన్న రొట్టెలు చేసి, వాళ్లు తిన్న పళ్లాలు కడగాలి. శ్రమ కాలం లెక్క వేస్తారంటే సంతోషం. ఆ పట్టికలో వంట, పక్కలు ఉతకడం, మరుగుదొడ్డి శుభ్రం చేయడం ఎవరి పేరు మీద రాస్తారో కూడా ముందే చెప్పాలి. నమోదు పత్రం మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి, సొమ్ము పడే బ్యాంకు ఖాతా ఉమ్మడి ఖాతా కావాలి.

మా మహిళా సంఘంలో దీని మీద మాట్లాడుకున్నాము. చాలామంది తమ ఇంట్లో పరాయివాళ్లను రాత్రి ఉంచుకోవడానికి ఇష్టపడలేదు. అదే పగటి పూట వచ్చి, పొలం చూసి, సంఘం వండిపెట్టిన భోజనం తిని వెళ్లిపోయేటట్లయితే వంట పనికి అందరం సిద్ధమే అన్నారు. అప్పుడు వంట ఒక ఇంటి ఇల్లాలి మీద పడదు, చేసినవారికి చేసినంత కూలి ఉంటుంది. రాత్రి బసనే పర్యాటకమని అనుకోవడం వల్ల మన ఆలోచన గదుల చుట్టే తిరుగుతోందని నాకనిపిస్తోంది. ఇంకొకటి, తాగి వచ్చేవాళ్ల సంగతి. తాటివనంలో కల్లు రుచి చూస్తామని వచ్చినవాళ్లు రుచి దగ్గర ఆగరు. అతిథిని వెళ్లిపొమ్మని చెప్పే అధికారం, బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వకుండానే, ఇంటివారికి ఉండాలి. యాప్‌లో తక్కువ నక్షత్రాలు ఇస్తాడేమో అన్న భయంతో ఎవరూ నోరు మూసుకోవలసిన పని లేదు.

కడియపులంక మొక్కలు (నర్సరీ రైతు)

పెరటి పాడి గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మా ఊరే అందుకు ఉదాహరణ. కడియం నర్సరీలకు గది వేయమని ఎవరూ చెప్పలేదు, పర్యాటక పథకం ఏదీ రాలేదు. రాజమహేంద్రవరం వైపు వచ్చినవారు ఒక పూట ఆగి, వరుసల మధ్య తిరిగి, ఫోటోలు దిగి వెళ్తారు. పెళ్లి ఫోటోలు తీసేవారు వస్తారు, సినిమా చిత్రీకరణలు జరుగుతాయి. చూడడానికి వచ్చినవాడు నాలుగు గులాబీ మొక్కలు కొనుక్కొని వెళ్తే అదే మాకు పర్యాటక ఆదాయం.

ఇబ్బందులు లేవని కాదు. సెలవు రోజున రోడ్డు మీద మొక్కల లారీ కదలదు. అంటు కట్టిన మొక్క చివర తుంచి సంచిలో వేసుకొనేవారుంటారు. పిల్లలు కుండీలు పడగొడతారు. కొందరు నర్సరీవారు ఫోటోలకు రుసుము పెట్టారు, కొందరు ఒక భాగాన్ని మాత్రం సందర్శకులకు కేటాయించి మిగిలిన చోటికి రానివ్వడం లేదు. ఈ రెండో పద్ధతి మంచిదని నా అభిప్రాయం. ఇంతకూ పగటి సందర్శనకు కూడా అనుమతి పత్రం, తనిఖీ, రుసుము అంటూ మొదలుపెడితే, ఎవరి సాయమూ లేకుండా నడుస్తున్నది కూడా ఆగిపోతుంది. రాత్రి బసకు మాత్రమే నిబంధన పెట్టండి, పగటి వేళను రైతుకు వదిలేయండి.

చెరువు గట్టు (ఉండి మండలం, రొయ్యలు, ఇంతకుముందు కోళ్లు)

కడియపులంకవారి పగటి వేళ మినహాయింపును నేను అంగీకరించను. రోగం పగలు, రాత్రి అని చూడదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు చుట్టుపక్కల కోళ్లను, గుడ్లను పూడ్చిపెట్టవలసి వచ్చింది. రొయ్యల చెరువు మీద పక్షి వాలకుండా తీగలు కడతాము, గట్టు ఎక్కేవాడి కాళ్లు మందు నీళ్లలో ముంచుతాము. అటువంటి చోటికి నిన్న వేరే చెరువు చూసి వచ్చిన సందర్శకుడిని ఎలా రానిస్తాము? కోళ్లు, రొయ్యలు ఉన్న పొలాలను పర్యాటకం నుంచి పూర్తిగా మినహాయించాలి. మిగిలిన పొలాల్లోనైనా మందు కొట్టిన రోజున గేటు మూసి ఉండాలి. పిల్లల చేత టమాటాలు కోయిస్తామని ప్రకటనలు చూస్తున్నాను. మందు డబ్బా మీద, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, దానిని సందర్శకుడికి చదివి చెప్పేది ఎవరు?

చాపరాయి కాఫీ

ఇది మాకూ వర్తిస్తుంది. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించినప్పుడు కాయలు దూసి పూడ్చవలసి వచ్చిన రైతులున్నారు. పురుగు పట్టిన కాయ, దానిని మోసిన గోనె సంచి ఒక ఊరి నుంచి ఇంకొక ఊరికి చేరితే చాలు. పర్యాటకుడు గుర్తుగా దాచుకొనే నాలుగు కాయలు కూడా ప్రయాణం చేస్తాయి. అందుకే కోత అనుభవం పేరుతో పది తోటలు తిప్పే ప్యాకేజీలను నేను ఒప్పుకోను. ఒక అతిథికి ఒకే తోట, కోసిన కాయ తోట దాటకూడదు.

నిర్వాహకులు

చర్చ రైతు అనుభవం మీదనే సాగుతున్నందుకు ధన్యవాదాలు. ఏ ప్రభుత్వం ఏమి చేసిందన్న వాదనలతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము.

తోటబాట

రెండు విషయాలు తేలినట్లు కనిపిస్తున్నాయి. బస చేసే అతిథులు పది మందికి మించకపోతే పంచాయతీ నమోదు చాలన్నది ఒకటి. పగటి సందర్శనకు అనుమతి అక్కరలేకపోయినా రోగ భయం ఉన్న పొలాలకు వేరే నియమం ఉండాలన్నది రెండోది. కౌలుదారు అంగీకారం, ఉమ్మడి ఖాతా కూడా నాకు న్యాయంగానే తోస్తున్నాయి, కానీ మా గ్రామంలోని భూ యజమానులు మొదటిదానికి అంత సులభంగా తలూపరు.

ఎవరూ ఎత్తనిది ప్రమాదం సంగతి. నూతికి గోడ లేదు, మోటారు దగ్గర తీగలు బయటే ఉంటాయి, కాలువలో లోతు తెలియదు, పాములు ఉంటాయి. ఇవన్నీ మనకు అలవాటైనవి, వచ్చినవాడికి కావు. తెలంగాణలోని రైతు బీమా కింద వచ్చే 5 లక్షలు రైతు చనిపోతే అతని కుటుంబానికి వచ్చేవి. అతిథికి కాలు విరిగితే ఆ పథకానికి సంబంధం లేదు. సందర్శకుల కోసం బాధ్యతా బీమాను ఒక్కొక్క రైతు తీసుకొనేకంటే, గ్రామంలోని రైతులంతా ఒక సంఘంగా తీసుకుంటే ప్రీమియం భారం తగ్గుతుంది. విధానంలో రాయితీ అంటూ ఇవ్వదలిస్తే గదుల నిర్మాణానికి బదులు దీనికి ఇవ్వాలని కోరుతాను.

చేవెళ్ల కూరగాయలు

బీమా మాట సరైనదే. పంచాయతీ నమోదు గురించి మాత్రం నాకు అనుమానం ఉంది. మా దగ్గర ఫామ్‌హౌస్‌లకు ఇంటి నంబర్లు ఇచ్చింది కూడా గ్రామ స్థాయిలోనే కదా. పది మంది అన్న పరిమితిని తప్పించుకోవడం వారికి కష్టం కాదు: పది ఎకరాలను పది పేర్ల మీద చూపి, ఒక్కొక్కదానిలో పది మందిని ఉంచి, నడుమ ఒకే ఈత కొలను కడతారు. పరిమితి పట్టాకు కాకుండా కుటుంబానికి ఉండాలి. నమోదు చేసుకొనే మనిషి అదే గ్రామంలో నివసిస్తూ ఉండాలి. వరుసగా కొన్ని ఏళ్లుగా పంట అమ్మిన రుజువు, అంటే మార్కెట్ యార్డు చీటీ గానీ, పాల కేంద్రం పుస్తకం గానీ, రైతు బజారు గుర్తింపు కార్డు గానీ చూపాలి. నా దగ్గర ఇవి ఉన్నాయి. వారాంతపు రైతు దగ్గర ఉండవు. తనిఖీ అధికారి కంటే ఆ చీటీలనే నేను నమ్ముతాను.

దాళ్వా కౌలుదారు

చీటీల ఆలోచన బాగుంది, అయితే డెల్టాలో ధాన్యం యజమాని పేరు మీద తూచిన చోట్ల ఆ చీటీ కూడా ఆయనదే అవుతుంది. భూ యజమానులు తలూపరని తోటబాట గారు అన్నారు. తలూపేవరకు మా డెల్టాలో రాత్రి బసలకు నమోదు మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మాజీ ఏవో

కౌలుదారు గారి పట్టుదలను అర్థం చేసుకోగలను, కానీ అన్నీ తేలేవరకు ఆగితే నిబంధన లేని వ్యాపారమే ముందుకు పోతుంది. కేరళలోని కొట్టాయం జిల్లా మలరిక్కల్‌లో కోత అయిన వరి పొలాల్లో నీరు నిలిచి కలువలు పూస్తాయి, జనం పడవల్లో చూడడానికి వస్తారు. మళ్లీ సాగుకు ముందు నీరు తోడి పువ్వులను తీసేయవలసిందే. పూలు ఎన్నాళ్లు ఉండాలన్నది సాగు క్యాలెండరును బట్టే నిర్ణయం కావాలి, పర్యాటకుల రాకను బట్టి కాదు. మన డెల్టాలో కూడా నాట్లు, కోతల రోజులను ముందే ప్రకటించి, ఆ రోజుల్లో ఏ పొలాన్ని మూసి ఉంచాలో నిర్ణయించే హక్కును సాగుదారుకు ఇస్తే, వాటా సంగతి తేలకపోయినా కనీసం పంటకు రక్షణ ఉంటుంది.

చాపరాయి కాఫీ

పది మంది పరిమితి మీద ఒక మాట చెప్పవలసి ఉంది. గిరిజన గ్రామాల కోసం తెచ్చిన ధర్తీ ఆబా అభియాన్ పథకం కింద దేశవ్యాప్తంగా వెయ్యి గిరిజన హోమ్‌స్టేలకు కేంద్రం సాయం చేస్తానంది: కొత్త గదులకు ఇంటికి 5 లక్షల వరకు, ఉన్న గదుల మరమ్మతుకు 3 లక్షల వరకు, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు. మా ఊరు వంటి చోట నలభై ఇళ్లు ఉన్నాయనుకోండి, ఇంటికి పది మంది చొప్పున చట్టం ఒప్పుకుంటే నాలుగు వందల మంది. మాకు నీళ్లు కొండ ఊట నుంచి గొట్టంలో వస్తాయి. వేసవి మొదలయ్యేసరికి ఆ ధార సన్నబడుతుంది, అప్పటికి కాఫీ పల్పింగు కూడా పూర్తి కాదు. పండు తొక్క తీసి కడగడానికి నీళ్లు కావాలి. అతిథి స్నానానికి వాడే నీళ్లు, గింజ కడిగే నీళ్లు ఒకే ఊటవి.

అందువల్ల మా ప్రాంతంలో పరిమితిని ఇంటికి కాకుండా ఊరికి పెట్టాలి, ఆ సంఖ్యను గ్రామ సభ తేల్చాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామ సభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామ సభకు ఆ అధికారం కొత్తగా ఇవ్వనక్కరలేదు. ఊట ధార ఏ నెలలో ఎంత వస్తుందో కొలిచి, కాఫీకీ ఇళ్లకూ పోగా మిగిలిన నీటిని బట్టి ఎంతమంది అతిథులని నిర్ణయించి, వంతుల వారీగా ఇళ్లకు పంచుకుంటాము. ఊరి ఉమ్మడి అవసరాలకు వచ్చే 5 లక్షలను ముందుగా నీటి తొట్టికీ, పల్పింగు నీరు వాగులో కలవకుండా గుంతకూ వాడాలని మా ఊరివారు అడుగుతున్నారు. గదుల సంగతి ఆ తరువాత చూస్తాము.